అగస్టీను భక్తుడును ధర్మయుద్ధమును

యుద్ధము ధర్మమగునా? శత్రువులను ప్రేమింపుమని బోధించిన ప్రభువును వెంబడించువాడు ఖడ్గమును చేత బట్టవచ్చునా? ఈ ప్రశ్న క్రైస్తవ సంఘమంత ప్రాచీనమైనది. దీనికి సమాధానము వెదకిన వారిలో హిప్పో పట్టణపు బిషప్పగు అగస్టీను భక్తుడు అగ్రగణ్యుడు. ఆయన పేరు చెప్పి తమ యుద్ధములను సమర్థించుకొనిన రాజులు పెక్కురు గలరు. ఆయన జీవితమును శ్రద్ధతో చదివినవారు మాత్రము కొలదిమందియే. యుద్ధమును గూర్చి యింత యాలోచించిన యీ మహనీయుడు తుదకు శత్రువులు ముట్టడించిన పట్టణములోనే కన్ను మూసెను. కావున ఆయన యేమి చెప్పెనో తెలియవలెనన్న, ఆయన యెట్లు బ్రదికెనో ముందుగా తెలిసికొనవలెను.

అగస్టీను 354వ సంవత్సరము నవంబరు 13వ తేదీని ఉత్తర ఆఫ్రికాలోని తగస్తె యను చిన్న పట్టణమున జన్మించెను. అది నేటి అల్జీరియా దేశములోనిది. నాడు ఆ దేశమంతయు రోమా సామ్రాజ్యమునకు లోబడి యుండెను. ఆయన పుట్టుకకు ఏబదితొమ్మిది సంవత్సరములకు పూర్వము, అనగా 295వ సంవత్సరమున, ఆ ప్రాంతముననే తెవెస్తె యను పట్టణములో మాక్సిమిలియాను అను ఇరువదియొక్క యేండ్ల యువకుని సైన్యములో చేర్చుటకై అధికారి యెదుటికి దెచ్చిరి. తాను క్రైస్తవుడు గనుక సైనికుడు కాజాలనని అతడు చెప్పెను. ఎంత బెదరించినను లొంగలేదు. అధికారి అతని తల గొట్టించెను. సంఘము అతనిని హతసాక్షిగా నెంచి గౌరవించెను. ఆదిమ సంఘములో తెర్తుల్లియాను మొదలగు పండితులును క్రైస్తవులు ఆయుధము పట్టరాదనియే వ్రాసి యుండిరి. అయితే 313వ సంవత్సరమున కాన్‌స్టంటైను చక్రవర్తి క్రైస్తవులకు స్వేచ్ఛ నొసగిన పిమ్మట కాలము మాఱెను. చక్రవర్తియే క్రైస్తవుడయ్యెను, సేనలలో క్రైస్తవులు నిండిరి. హింసింపబడినప్పుడు తామేమి చేయవలెనో సంఘమునకు తెలియును. రాజ్యాధికారము చేతికి వచ్చినప్పుడు ఏమి చేయవలెనన్నది క్రొత్త చిక్కు. అగస్టీను ఈ చిక్కులోనే పుట్టి పెరిగెను.

ఆయన తండ్రి పత్రీకియు కొద్దిపాటి భూవసతి గల గృహస్థుడు; చిరకాలము క్రైస్తవేతరుడుగానే యుండి, మరణమునకు ముందు బాప్తిస్మము పొందెను. తల్లి మోనికా మహాభక్తురాలు. కుమారుడు బుద్ధిమంతుడని గ్రహించి తలిదండ్రులు ఆయనను పదునేడవ యేట కార్థేజి మహానగరమునకు విద్యాభ్యాసమునకై పంపిరి. అచ్చట ఆయన వక్తృత్వశాస్త్రమున అసమాన పాండిత్యమును గడించెను. కాని నడవడియందు తల్లి యాశించిన మార్గమున నిలువలేదు. వివాహము లేకయే యొక స్త్రీతో కాపురము చేయగా అదియోదాతు అను కుమారుడు కలిగెను. పందొమ్మిదవ యేట సిసిరో వ్రాసిన యొక గ్రంథమును చదివి, సత్యజ్ఞానమును సంపాదింపవలెనను తపన పొందెను. ఆ తపనతో మానికేయులను మతస్థులతో గలిసి తొమ్మిది సంవత్సరములు గడపెను. వెలుగు, చీకటి అను రెండు శక్తులు లోకమున నిత్యము పోరాడుచున్నవని వారి సిద్ధాంతము. వారు పాత నిబంధనను పరిహసించెడివారు. మనుష్యులను చంపిన పితరులు నీతిమంతులెట్లగుదురని వారు వేసిన ప్రశ్నకు యువకుడగు అగస్టీను నాడు ప్రత్యుత్తర మీయజాలకపోయెను.

383వ సంవత్సరమున ఆయన రోమా నగరమునకును, మరుసటి యేట మిలాను నగరమునకును పోయి యుపాధ్యాయుడుగా నుండెను. మిలానులో బిషప్పగు అంబ్రోసు ప్రసంగములను మొదట వాక్చాతుర్యము కొఱకు విన నారంభించి, క్రమముగా అందలి సత్యమునకు లోబడెను. పాత నిబంధనను లోతుగా గ్రహించు విధమును అంబ్రోసువలన నేర్చెను. అయినను శరీరాశలు ఆయనను విడువలేదు. 386వ సంవత్సరమున నొకనాడు తోటలో కూర్చుండి కన్నీరు విడుచుచుండగా, పుస్తకము తీసి చదువుమని పదే పదే పలుకుచున్న యొక పిల్లవాని స్వరము ప్రక్క యింటినుండి వినబడెను. ఆయన పౌలు పత్రికలను తెఱచి, రోమీయుల పత్రిక పదుమూడవ యధ్యాయపు చివరి మాటలను చదివెను. క్రీస్తును ధరించుకొమ్మను ఆ మాటలతో ఆయన సందేహములన్నియు తొలగెను. ఇక్కడ నొక విశేషము గలదు. అధికారి ఖడ్గమును వ్యర్థముగా ధరింపడని పౌలు వ్రాసినది ఆ యధ్యాయములోనే. శరీరేచ్ఛలను మాని క్రీస్తును ధరించుకొనుమను ఆజ్ఞయు, అధికారి చేతి ఖడ్గమును గూర్చిన బోధయు ఒకే పుటలో నుండెను. ఆ రెంటిని పొసగించుటకే అగస్టీను తన శేషజీవితమున పాటుపడవలసి వచ్చెను.

387వ సంవత్సరము పునరుత్థాన పండుగనాడు కుమారునితోను, ప్రాణమిత్రుడగు అలీపియుతోను ఆయన అంబ్రోసు చేత బాప్తిస్మము పొందెను. స్వదేశమునకు మరలి పోవుచుండగా ఓస్తియా రేవుపట్టణమున మోనికా మరణించెను. 388వ సంవత్సరమున అగస్టీను ఆఫ్రికా చేరి, మిత్రులతో ప్రార్థనయందును అధ్యయనమునందును కాలము గడపుచుండెను. కొలది కాలమునకే కుమారుడును గతించెను.

ఆ దినములలోనే, 390వ సంవత్సరమున, సామ్రాజ్యమంతయు నివ్వెఱపోయిన సంగతి యొకటి జరిగెను. థెస్సలొనీక పట్టణ ప్రజలు అల్లరి చేసి యొక సేనాపతిని చంపిరి. థియొదోసి చక్రవర్తి కోపించి సేనను పంపగా, వారు నేరస్థులని నిరపరాధులని చూడక వేలకొలది జనులను నఱకిరి. అంబ్రోసు భయపడలేదు. పశ్చాత్తాపపడువరకు చక్రవర్తికి ప్రభురాత్రి భోజన మీయనని తెలియజేసెను. లోకమేలు రాజు రాజచిహ్నములను తీసివేసి, సంఘమెదుట కన్నీటితో తన పాపము నొప్పుకొనెను. చక్రవర్తి ఖడ్గము సహితము దేవుని తీర్పునకు లోబడినదే యని యీ సంఘటన చాటెను. అగస్టీను దీనిని మఱువక, తరువాతి కాలమున తన మహాగ్రంథములో ప్రశంసించెను.

391వ సంవత్సరమున ఆయన హిప్పో పట్టణమునకు పోయి యుండగా, అచ్చటి సంఘస్థులు ఆయనను పట్టుకొని బలవంతముగా గురుపట్టము నిప్పించిరి. ఆయన యేడ్చెను గాని వారు విడువలేదు. నాలుగైదు సంవత్సరములకు బిషప్పయి, మరణపర్యంతము ఆ సంఘమునే కాచెను. ప్రసంగించుట, బీదల నాదరించుట, వ్యాజ్యములు తీర్చుట, ఉత్తరములు వ్రాయుట ఆయన నిత్యకృత్యములు.

మానికేయుడైన ఫౌస్తు అనువానికి ప్రత్యుత్తరముగా నీ కాలమున ఆయన ముప్పదిమూడు భాగముల గ్రంథమును వ్రాసెను. యౌవనమున తన్ను కలతపెట్టిన ప్రశ్నను అందులో మరల చేపట్టెను. యుద్ధమున నిజమైన దోషమేదియని విచారించి, ఎన్నడో యొకనాడు చావవలసిన మనుష్యులు చచ్చుటకంటె, హాని చేయవలెనను ఆశ, పగతీర్చుకొను క్రూరత్వము, శాంతింపని ద్వేషము, పరులను లోబరచుకొను దురాశ అనునవియే యుద్ధములోని ఘోర పాపములని నిర్ణయించెను. చేతికంటె ముందు హృదయమును పరీక్షింపవలెనని దీని భావము. న్యాయమైన యధికారము గలవాడు, అన్యాయమును అణచుటకై, ద్వేషము లేక యుద్ధము చేసినచో అది ధర్మవిరుద్ధము కాదని ఆయన తలంచెను.

అయితే ఆయన యీ అనుమతిని ఎంత ఇఱుకు చేసెనో గమనింపవలెను. సొంత ప్రాణమును కాపాడుకొనుటకై యొక సామాన్యుడు తనమీద బడినవానిని చంపుటను ఆయన సమ్మతింపలేదు. నశించిపోవు నీ దేహముకొఱకు మఱియొకని ప్రాణము తీయుట ప్రేమకు తగదని ఆయన యభిప్రాయము. ఇతరులను రక్షించు బాధ్యతను ప్రభుత్వమువలన పొందిన సైనికునికో అధికారికో మాత్రమే ఆయుధము పట్టుట తగును. తనకొఱకు కాక పొరుగువానికొఱకే ఖడ్గమను నియమము ఆయన బోధకు మూలస్తంభము.

410వ సంవత్సరము ఆగస్టు నెలలో గోతుల రాజగు అలారికు రోమా నగరమును పట్టుకొని మూడు దినములు దోచెను. ఎనిమిది వందల సంవత్సరములుగా శత్రువు ప్రవేశింపని నగరమది. కాందిశీకులు సముద్రము దాటి ఆఫ్రికా రేవులకు వచ్చి చేరిరి. పూర్వ దేవతలను విడిచి క్రీస్తును పూజించుటచేతనే రోము పడిపోయెనని అనేకులు నిందింప సాగిరి. ఒక చెంప కొట్టినవానికి రెండవ చెంప త్రిప్పుమను మతముతో రాజ్యమును కాపాడుటెట్లని వొలూసియాను అను రోమా ప్రముఖుడు ఆక్షేపించెనని మార్సెల్లీను అను అధికారి అగస్టీనునకు వ్రాసెను. ఆ మాటలు హృదయములోని ఓర్పును గూర్చినవని ఆయన బదులు వ్రాసెను. తండ్రి కుమారుని దండించునప్పుడు ప్రేమను విడువనట్లే, దుర్మార్గుని అరికట్టువాడును అతని మేలునే కోరవలెను. బాప్తిస్మమిచ్చు యోహాను తన్ను అడిగిన సైనికులతో ఆయుధములు పారవేయుమనలేదు; ఎవనిని బాధింపక, తమ జీతముతో తృప్తిపొందుమని మాత్రమే చెప్పెనని ఆయన జ్ఞాపకము చేసెను.

ఆ నిందలకు పూర్తి సమాధానముగా వ్రాసినదే దేవుని పట్టణము అను ఇరువదిరెండు భాగముల మహాగ్రంథము. 413వ సంవత్సరమున ఆరంభించి దానిని 426వ సంవత్సరము నాటికి ముగించెను. రోము పడిపోయినప్పుడు చెఱచబడిన స్త్రీలకు కళంకము లేదని మొదటి భాగముననే వారి పక్షమున వాదించెను. నాలుగవ భాగములో, న్యాయము లేని రాజ్యములు పెద్ద దొంగల ముఠాలకంటె వేఱుకావని నిర్భయముగా వ్రాసెను. ఒక పడవతో దోచువాడు దొంగయు, గొప్ప నావికాబలముతో దోచువాడు చక్రవర్తియు నగుటలో న్యాయమేమని అలెగ్జాండరును ప్రశ్నించిన సముద్రపు దొంగ కథను ఆ సందర్భముననే చెప్పెను. పందొమ్మిదవ భాగములో ఆయన హృదయము పూర్తిగా తెలియును. జ్ఞానియగువాడు ధర్మయుద్ధములనే చేయునని కొందఱు గర్వముగా చెప్పుకొనుచుండిరి. అట్టి యుద్ధము కూడ తప్పనిసరియైనందుకు జ్ఞాని దుఃఖింపవలెనని ఆయన సమాధానము చెప్పెను. యుద్ధ దుఃఖములను చూచియు దుఃఖింపనివాడు మానవహృదయమును పోగొట్టుకొనినవాడే. మన భారతమున ధర్మరాజు జయము పొందిన పిమ్మట సింహాసనమెక్కుటకు బదులు చచ్చినవారికై శోకించెను గదా! ఆ శోకమెట్టిదో తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

మహాత్ముల జీవితములందును లోపములుండును. వానిని దాచుట చరిత్రకు తగదు. ఆ కాలమున ఆఫ్రికా సంఘము రెండుగా చీలి యుండెను. దొనాతీయులను పక్షమువారు ప్రత్యేక సంఘముగా నుండిరి; వారిలో కొందఱు కఱ్ఱలతో తిరుగుచు ఎదుటి పక్షముల గురువులను కొట్టిరి, చంపిరి. మతవిషయమున బలాత్కారము కూడదని మొదట అగస్టీను తలంచెను. తరువాత, చక్రవర్తి చట్టములచేత వారిని సంఘములోనికి త్రిప్పుట మేలేయని మనస్సు మార్చుకొనెను. విందునకు జనులను బలవంతముగా లోనికి రప్పించిన ఉపమానమును ఇందుకు ఆధారము చేసికొనెను. తరువాతి శతాబ్దములలో మతహింసకులు ఈ వ్రాతలను ఆయుధముగా వాడిరి. అయినను ఆయన రక్తమును కోరలేదు. ఆ పక్షమువారు ఒక గురువును చంపి, మఱియొకని అవయవములను ఖండించినప్పుడు, హంతకులకు మరణశిక్ష విధింపవలదని మార్సెల్లీనును వేడుకొనుచు ఉత్తరము వ్రాసెను. 413వ సంవత్సరమున నా మార్సెల్లీనే రాజద్రోహపు నిందపాలయ్యెను. అగస్టీను ఎంత ప్రయత్నించినను వినక, పాలకులు అతని తల గొట్టించిరి. అధికారి చేతి ఖడ్గము ఎంత సులభముగా నిరపరాధిమీద పడునో ఆయన కన్నులార చూచెను.

ఆయన యుద్ధబోధకు నిజమైన పరీక్ష బోనిఫేసు అను సేనాపతి విషయమున గలిగెను. ఇతనికి వ్రాసిన యొక యుత్తరములో, మనము కోరవలసినది సమాధానము, యుద్ధము అవసరమువలననే రావలెనని బోధించెను. యుద్ధము చేయునప్పుడును సమాధానపరచువాడుగానే యుండవలెను, శత్రువునకిచ్చిన మాటను తప్పరాదు, ఓడిపోయినవానిని కరుణింపవలెను. భార్య మరణించినప్పుడు బోనిఫేసు లోకమును విడిచి సన్యాసిగా బ్రదుకగోరెను. అగస్టీనును అలీపియును దూరప్రయాణము చేసి అతనిని కలిసికొని, సరిహద్దు ప్రజలను దండెత్తి వచ్చువారినుండి కాపాడుటకై సేనలోనే నిలువుమని హితవు చెప్పిరి. అతడు నిలిచెను. కాని తరువాత మఱల వివాహము చేసికొని, అధికార కలహములలో చిక్కి, 427వ సంవత్సరమున చక్రవర్తి సేనలతోనే పోరాడెను. ప్రజలను కాపాడవలసిన ఖడ్గము సొంత పగకు వినియోగమాయెను. వృద్ధుడగు అగస్టీను దుఃఖముతో అతనిని మందలించుచు వ్రాసెను. తాను ధర్మమని నిలిపిన సైనికుడే ధర్మము తప్పుట చూచుటకంటె బోధకునికి వేఱు శిక్ష గలదా?

429వ సంవత్సరమున గెయిసెరికు అను రాజు క్రింద వాండలులు స్పెయిను దేశమునుండి జలసంధిని దాటి ఆఫ్రికాలో ప్రవేశించిరి. పట్టణములు తగులబడెను, సంఘములు చెదరెను. బిషప్పులు పాఱిపోవచ్చునా యని యొకరు అడుగగా, మందకు కాపరి యవసరమున్నంతవరకు విడిచిపోరాదని అగస్టీను వ్రాసెను. దారియు అను రాయబారి సంధి కుదుర్చుటకై వచ్చినప్పుడు ఆయన మిగుల సంతోషించెను. శూరులగు సైనికులు గౌరవమునకు పాత్రులే. కాని మనుష్యులను ఖడ్గముతో చంపుటకంటె యుద్ధమునే మాటతో చంపుట గొప్ప కీర్తియని ఆ రాయబారిని అభినందించెను. ధర్మయుద్ధ బోధకుడని లోకము పిలుచు ఈ మనుష్యుడు జీవితాంతమున మిక్కిలి మెచ్చుకొనినది సంధి చేయ వచ్చినవానినే.

ఆ సంధి నిలువలేదు. బోనిఫేసు ఓడిపోయి, మిగిలిన సేనతో హిప్పో పట్టణములోనే తలదాచుకొనెను. 430వ సంవత్సరమున వాండలులు పట్టణమును ముట్టడించిరి. అగస్టీను జనులతో నుండి, వారి కష్టములలో పాలుపొందెను. పట్టణమును విడిపింపుమనియో, లేనియెడల నీ చిత్తమును సహించు బలమిమ్మనియో, కానియెడల నన్ను నీయొద్దకు చేర్చుకొనుమనియో దేవుని ప్రార్థించెను. ముట్టడి మూడవ నెలలో జ్వరము వచ్చి మంచమెక్కెను. పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి, పరుండియే కనబడునట్లు గోడకు పెట్టించుకొని, చదువుచు కన్నీరు విడిచెను. శత్రువుల పాపములను లెక్కింపవలసిన సమయమున ఆయన తన పాపములను లెక్కించుకొనెను. 430వ సంవత్సరము ఆగస్టు 28వ తేదీని, డెబ్బదియైదవ యేట, ప్రభువునందు నిద్రించెను. మరణశాసనము వ్రాయలేదు, వ్రాయుటకు ఆస్తి లేదు. గ్రంథాలయమును జాగ్రత్తగా కాపాడుమని మాత్రము చెప్పెను. పట్టణము తరువాత శత్రువుల వశమైనను ఆ గ్రంథములు మిగిలెను.

ఆయన వ్రాతలనుండియే పదుమూడవ శతాబ్దమున థామస్ అక్వినాసు ధర్మయుద్ధమునకు మూడు లక్షణములు కూర్చెను: న్యాయమైన అధికారము, న్యాయమైన కారణము, మంచి యుద్దేశము. అయితే ఈ మూడు తమకు గలవని చెప్పుకొననిదెవరు? 1099వ సంవత్సరమున యెరూషలేములో నెత్తురు పాఱించిన క్రూసేడు వీరులును ధర్మమనియే నమ్మిరి. 1914వ సంవత్సరమున ఇరుపక్షముల దేవాలయములలోను జయము కొఱకు ఒకే దేవుని ప్రార్థించిరి. అంతేగాక, రాజాజ్ఞ అన్యాయమైనను దానికి లోబడిన సైనికుడు నిర్దోషి కావచ్చునని అగస్టీను వ్రాసిన మాట నేడు మన మనస్సాక్షికి చాలదు. 1945-46 సంవత్సరములలో న్యూరెంబర్గు న్యాయసభ ఆజ్ఞ యను సాకును అంగీకరింపలేదు. ఇందులో మాక్సిమిలియాను యువకుడే మనకు గురువు. తాను చేయరానిదని నమ్మినదానిని ఎవరు ఆజ్ఞాపించినను అతడు చేయలేదు.

విద్యార్థులారా! యుద్ధము ధర్మమగునా యను ప్రశ్నకు అగస్టీను మనకిచ్చినది జయభేరి కాదు, కళ్లెము. ఎవరికొఱకు ఈ ఖడ్గము? ఎవరి యధికారముచేత? హృదయములో ద్వేషమున్నదా? శత్రువునకిచ్చిన మాట నిలిచినదా? ఓడినవానియెడల కనికరమున్నదా? జయించినవాని కన్నులలో నీరున్నదా? ఈ ప్రశ్నలన్నిటికి ఉత్తరమీయగల యుద్ధములు లోకచరిత్రలో ఎన్ని దొరకునో మీరే వెదకి చూడుడు. దొరకినచోట సైతము, ఆ భక్తునివలె గోడమీది పశ్చాత్తాప కీర్తనలను చదువుకొనుటయే క్రైస్తవునికి తగినది. సమాధానపరచువారు ధన్యులని చెప్పిన ప్రభువు మనలను అట్టివారినిగా చేయును గాక.